ఆవం ముందు తరవాణి

బరంపురం ఊరగాయలకూ అప్పడాలకూ పేరుపడిన ఊరు కావడం వల్ల, మాకు మట్టిపని నేర్పే టీచరుగారు ఏ పాత్ర చేసినా "ఇందులో ఆవకాయ పెట్టవచ్చునా?" అని అడగనివారుండరు. గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, లేని పాత్ర నూనె పీల్చుకుంటుందని ఆవిడ ఓపికగా చెబుతారు. ఓపిక అయిపోయిన రోజున కొత్త ప్రయోగం మొదలుపెడతారు.

గత వేసవిలో అలా మొదలైనదే ఒబ్వారా. ఇది తూర్పు యూరప్ కుమ్మరుల పాత పద్ధతి. పిండి, పంచదార, ఈస్టు నీళ్ళలో కలిపి కొన్ని రోజులు పులియబెట్టి, 900 డిగ్రీల దగ్గర ఎర్రగా మండుతున్న కుండను పటకారుతో ఆవంలోంచి తీసి, ఆ పులిసిన నీళ్ళలో ముంచి, వెంటనే మంచినీళ్ళలో చల్లార్చాలి. పిండి క్షణంలో మాడి, కుండ ఒంటినిండా గోధుమరంగు, నలుపు మచ్చలు తేలుతాయి.

పులియబెట్టిన బకెట్టును పెరట్లో నీడకు చేర్చేవరకు అంతా శాస్త్రోక్తంగానే జరిగింది. అది కుడితి అని వీధి ఆవుకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆవం వేడెక్కి కుండ ఎర్రబడిన వేళకు ఆ ఆవు బకెట్టు అడుగు నాకుతూ కనబడింది.

ఆవం ఆర్పితే గ్యాసంతా దండగ. టీచరుగారి చూపు వంటింట్లో ఉన్న మామగారి తరవాణి కుండ మీద పడింది. ఒడియావారు పఖాళొ అనే ఆ పులిసిన చద్దన్నం లేనిదే ఆ పెద్దాయనకు ఎండాకాలపు మధ్యాహ్నం గడవదు. గంజిలో ఉన్నదీ పిండిపదార్థమే కదా, అదీ పులిసిందే కదా అని ఆవిడ వాదించారు. ఆ వాదనలో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు. కుండ ముంచగానే బుస్సుమని ఆవిరి లేచింది. మాడు వాసనకు ఎదురింటివారు తమ పొయ్యి చూసుకోవడానికి పరుగెత్తారు. మచ్చలు అనుకున్నదానికన్నా బాగా వచ్చాయి. పైగా కొన్ని మెతుకులు కుండ భుజానికి నల్లగా అతుక్కుపోయాయి. వాటిని టెక్స్చర్ అనాలని టీచరుగారు అక్కడికక్కడే పాఠం చెప్పారు.

ఇంతలో మామగారు కాళ్ళు కడుక్కుని వచ్చి, తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నారు. మేమందరం ఒక్కసారిగా మట్టి పిసకడంలో మునిగిపోయాము. చివరికి టీచరుగారే కుండ తెచ్చి ఆయన ముందు పెట్టి, పిండిపదార్థం, కర్బనం, ప్రయోగం అంటూ వివరించారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, కుండను చుట్టూ తిప్పి చూసి, ఒక మెతుకును గోటితో గీకి చూశారు.

"పనితనం బాగుందమ్మా. మరి ఈ ఉల్లిపాయ నంజుకుని ఏం తినమంటావు?" అన్నారు.