‘ఇతరములు’ అట్ట గారికి

మహారాజశ్రీ ‘ఇతరములు’ అట్ట గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ రికార్డుల షాపులో కుశలంగా ఉన్నది మీరొక్కరే. అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను.

ఏ విభాగంలోనూ ఇమడని రికార్డుల ముందు పేరుపలకగా మిమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది నేనే. తెల్ల ప్లాస్టిక్ ఒళ్ళు, ఎల్పీల (లాంగ్ ప్లే రికార్డుల) కవర్ల కన్నా రెండు వేళ్ళ ఎత్తు, నెత్తిన నల్ల మార్కరుతో నేను రాసిన అక్షరాలు. చివరి ‘లు’కి చోటు చాలక కిందికి జారింది, ఇప్పటికీ అలాగే వేలాడుతోంది. ఆ రోజు మీ వెనక ఉన్నవి నాలుగే రికార్డులు. ఒకదాంట్లో ఆవిరి రైలింజన్ల చప్పుళ్ళు, ఒకదాంట్లో పక్షుల కూతలు, ఒకటి టైపింగ్ నేర్పే పాఠం, నాలుగోదానికి కవరూ లేదు, లేబులూ లేదు. పాపం, ఏదో మూల పడి ఉంటారులే అనుకున్నాను. ఏకై వచ్చి మేకై కూర్చున్నారు. ఇప్పుడు మీకు రెండు అరలు, కింద ఒక అట్టపెట్టె. జాజ్‌కి కూడా అంత జాగా లేదండీ.

తప్పంతా మీదే అనను. అక్షరక్రమాన్ని నమ్ముకోవడం నా మొదటి పొరపాటు. బీటిల్స్‌ని ‘బి’లో పెట్టాలా, ముందున్న ‘ద’ (The)ని బట్టి ‘టి’లో పెట్టాలా అని రోజూ గొడవ పడలేక, ‘ద’ని లెక్కలోకి తీసుకోకూడదు అని రూలు రాసి గోడకి అంటించాను. మర్నాడే ‘ద ద’ అనే బ్రిటిష్ బ్యాండు రికార్డు వచ్చింది. రూలు ప్రకారం ఒక ‘ద’ తీసేస్తే ఇంకో ‘ద’ మిగిలింది. దాన్నీ తీసేస్తే నా చేతిలో పేరు లేని రికార్డు మిగిలింది. ఎక్కడికి పంపానో మీకు తెలుసు.

పోనీ ఇంటిపేరుతో సర్దుదామా అంటే జెత్రో టల్‌ని ‘టి’కి తోలాలి. ఆ బ్యాండులో ఆ పేరు గల మనిషే లేడు. 18వ శతాబ్దంలో విత్తనాలు వేసే యంత్రం చేసిన ఇంగ్లిష్ రైతుది ఆ పేరు. ఇక అమెరికన్ గాయకుడు ప్రిన్స్ అయితే 1993లో ఉన్న పేరు వదిలేసి ఒక గుర్తు పెట్టుకున్నాడు. నోటితో పలకలేం, ఏ అక్షరం కిందా పెట్టలేం. 2000లో ఆయన పాత పేరుకి వచ్చేశాడు గానీ, ఆ మధ్యకాలపు రికార్డులు మాత్రం మీ పంచనే ఉండిపోయాయి.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వాళ్ళైనా పద్ధతిగా ఉంటారనుకున్నాను. స్వరకర్త పేరుతో పెడితే సరి! అప్పుడు ఒక ఎల్పీ వచ్చింది. ఒక వైపు గ్రీగ్ పియానో కన్‌చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే కృతి), రెండో వైపు షూమన్‌ది. రెండూ ‘ఏ మైనర్’ అనే శ్రుతిలోవే. ఈ జంటని ఒకే డిస్కు మీద వేయడం రికార్డు కంపెనీలకి పాత అలవాటట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల కాలంలో ఈ బెడద లేదు, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే కాబట్టి ఒక్క కన్‌చెర్టోకే డిస్కులు కట్టగట్టి అమ్మేవారు. 1948లో ఎల్పీ వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైగా పట్టించేసరికి ఇద్దరు పెద్దమనుషులు ఒకే ఒంట్లో ఇరుక్కున్నారు. ‘జి’లో పెట్టాను. షూమన్ కావాలన్నాయన ‘ఎస్’ అంతా వెతికి, పెదవి విరిచి వెళ్ళాడు. ‘ఎస్’లో పెట్టాను. గ్రీగ్ కావాలన్నావిడ వచ్చింది. మూడో ఆయనకి ఆ ఇద్దరితోనూ పని లేదు, పియానో వాయించినవాడి పేరే కావాలి. నాలుగో ఆయన ఆర్కెస్ట్రాని నడిపించిన కండక్టర్ గురించి అడగడం మొదలుపెట్టగానే ఆ డిస్కు తెచ్చి మీ వెనక దోపాను. కంప్యూటర్‌లో అయితే ఒక పాటకి పది ట్యాగులు తగిలించొచ్చు. డిస్కుకి ఉన్నది ఒకటే ఒళ్ళు, రెండు అరల్లో నిలబడలేదు.

అయితే మీ వంశం గురించి తెలిశాక నాకు మీ మీద కాస్త గౌరవం పెరిగిన మాట నిజం. ‘వరల్డ్ మ్యూజిక్’ అట్ట ఉంది చూశారూ, ఆయన మీకు సాక్షాత్తూ అన్నగారు. 1987 ఎండాకాలంలో లండన్‌లో ఒక పబ్బులో కొన్ని చిన్న రికార్డు కంపెనీల వాళ్ళు కూర్చుని, మన రికార్డులు షాపుల్లో ఏ అరలో పెట్టాలో ఎవరికీ తెలియక అమ్ముడుపోవడం లేదు, ఏదో ఒక పేరు పెడదాం అనుకుని ఆ పేరు ఖాయం చేశారు. అంటే ఆఫ్రికాలోని మాలీ నుంచి బల్గేరియా దాకా అందరూ ఒకే అరలో! ఇంగ్లిష్‌లో పాడేవాళ్ళకి మాత్రం రాక్, పాప్, ఫోక్, కంట్రీ అని తలో గది. ‘ఇతరములు’ అని రాయడానికి మొహమాటపడి ‘ప్రపంచం’ అని రాశారు, అంతే. 2020లో గ్రామీ సంగీత అవార్డుల వాళ్ళు ఆ పేరు బాగాలేదని ‘గ్లోబల్’ అని మార్చారు. అట్ట మారింది, అర మారలేదు.

ఇంకా వెనక్కి వెళ్తే మీ తాతగారు కూడా ఉన్నారు, ఆయన అంత మంచివాడు కాదు. అమెరికాలో నల్లవాళ్ళ పాటల పట్టికకి బిల్‌బోర్డ్ పత్రిక ‘రేస్ రికార్డ్స్’ అనే పేరు వాడేది, 1949లో దాన్ని తీసేసి ‘రిథమ్ అండ్ బ్లూస్’ అని పెట్టింది. అంతకుముందు అరని నిర్ణయించింది పాట కాదు, పాడినవాడి రంగు. 1962లో నల్లజాతి గాయకుడు రే చార్ల్స్ ఏకంగా, తెల్లవాళ్ళవిగా పేరుపడ్డ కంట్రీ పాటలతో ఆల్బమ్ చేసి ఊరుకున్నాడు. మనిషిని బట్టి పెడితే ఒక అర, పాటని బట్టి పెడితే ఇంకో అర. అది మాత్రం మీకివ్వలేదు. రోజుకో అరలో పెడుతున్నాను.

సలహాలకి కొదవ లేదు. కవర్ రంగుని బట్టి సర్దమని ఒకాయన చెప్పాడు. సరదాకి ఒక అర అలా సర్దాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఒక్క రికార్డూ దొరకలేదు.

నిన్న సాయంత్రం సంగతి మీరూ చూశారు కదా. ఒకమ్మాయి వచ్చి, జాజ్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, మీ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గంటసేపు వేళ్ళతో కవర్లు ఒక్కొక్కటే ముందుకి వాల్చుకుంటూ పోయింది. మూడు రికార్డులు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఒకటి రైలింజన్లది. రెండోది గ్రీగూ షూమనూ. మూడోది చూసి నాకు గొంతు తడారిపోయింది. అది స్టాకు లేదని ఒకాయనకి నేను ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. రెండోసారి కాస్త విసుక్కున్నాను కూడా.

“ఇలాంటివి ఇంకా ఉన్నాయాండీ?” అని అడిగింది.

“ఎలాంటివి?” అన్నాను.

ఆ అమ్మాయి మూడు కవర్లూ మార్చి మార్చి చూసింది. నేనూ చూశాను. ఇద్దరికీ మాట దొరకలేదు. చివరికి మీ కింద ఉన్న అట్టపెట్టె చూపించాను.

ఇట్లు,
మీకు చోటిచ్చి తాను నిలబడ్డ,
కౌంటర్ వెనక మనిషి

తా.క. అట్టపెట్టె కూడా నిండింది. కొత్త తెల్ల అట్ట తీసుకుని, మార్కరు మూత తీసి పావుగంట ఆలోచించాను. ‘ఇతరములు – 2’ అని రాశాను. ఈసారి ‘లు’కి చోటు సరిపోయింది, 2 వంగింది.