మురుగు వేరు, దాన్ని మోసే గొట్టం వేరు

‘డ్రైనేజీ పొంగింది’ అంటాం. ఏది పొంగింది? వాన నీళ్ళు పోయే సైడు కాలువా? రోడ్డు కింద వేసిన గొట్టమా? పక్కింటివాళ్ళ సెప్టిక్ ట్యాంకా? మన వాడుకలో మూడూ డ్రైనేజీయే. తెలంగాణలో మోరీ అన్నా అంతే.

పోయిన వానాకాలం మా సందులో నల్లటి నీళ్ళు గుమ్మాల దాకా వచ్చాయి. ఫిర్యాదు చేస్తే, ఫోన్ ఎత్తినాయన ‘కాలువ పొంగిందా సార్, లైను పొంగిందా?’ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. కాలువ ఒక ఆఫీసుదట, లైను ఇంకొకరిదట. రెండు చోట్లకూ నాలుగు రోజులు తిరిగాక తేలిందేమిటంటే, మా సందుకు అసలు లైనే, అంటే రోడ్డు కింద మురుగు గొట్టమే, లేదు. ఇన్నేళ్ళూ ఇంటి పన్నులో డ్రైనేజీ పద్దు కింద డబ్బు కడుతూనే ఉన్నాను. ఇళ్ళలోంచి వచ్చేదంతా సెప్టిక్ ట్యాంకుల్లో నిండి, పైకి తేరిన నీరు వాన కాలువలో కలుస్తోంది.

అప్పటి నుంచి ఇంగ్లిష్‌లోని రెండు మాటల మీద నాకు పట్టుదల పెరిగింది. సీవేజ్, సీవరేజ్. స్పెల్లింగులో రెండక్షరాలే తేడా. సీవేజ్ అంటే ఇళ్ళలోంచి వచ్చే మురుగు నీరు. సీవరేజ్ అంటే ఆ నీటిని మోసుకుపోయే గొట్టాలు, మ్యాన్‌హోళ్ళు, పంపింగ్ స్టేషన్లు అన్నీ కలిసిన వ్యవస్థ. నిఘంటువులు సీవరేజ్‌కు మురుగు అన్న అర్థాన్ని కూడా ఇస్తాయి కాబట్టి, కలిపి వాడినవాళ్ళను తప్పు పట్టలేం. ఇంజనీర్లు మాత్రం కలపరు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013లో తెచ్చిన మార్గదర్శక గ్రంథం పేరులోనే ‘సీవరేజ్, సీవేజ్ ట్రీట్‌మెంట్’ అని రెండూ పక్కపక్కన ఉన్నాయి. గొట్టం ఒక పని, శుద్ధి ఒక పని అని అట్ట మీదే చెప్పేశారు. తెలుగు వార్తల్లోకి వచ్చేసరికి రెండూ ‘మురుగు నీటి’ పథకాలైపోతాయి.

ఈ రెంటికీ మూలమైన సీవర్ అనే మాట పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. చేపల చెరువులో ఎక్కువైన నీళ్ళను బయటికి వదిలే కాలువకు ఆ పేరు. మన చెరువుకు అలుగు, తెలంగాణలో మత్తడి ఉన్నట్టే. అంటే మొదట్లో ఆ మాటలో మలం లేదు, మంచినీళ్ళే ఉన్నాయి. లండన్‌లో కూడా పాత సీవర్లు వాన నీటి కోసం కట్టినవే. ఇళ్ళ మలాన్ని గుంటల్లో నిలవబెట్టేవారు, దాన్ని సీవర్లలోకి వదలడం 1815 దాకా నిషేధం. ఫ్లష్ మరుగుదొడ్లు పెరిగి, ఇళ్ళను సీవర్లకు కలిపేయడంతో మొత్తం థేమ్స్ నదిలోకి చేరింది. 1858 ఎండాకాలంలో ఆ కంపుకు పార్లమెంటులోనే కూర్చోలేకపోయారు. ఆ తర్వాత జోసెఫ్ బాజల్‌గెట్ అనే ఇంజనీరు నదికి సమాంతరంగా పెద్ద సొరంగ కాలువలు కట్టి, మురుగును ఊరికి తూర్పుగా తీసుకుపోయి వదిలాడు. సీవరేజ్ అద్భుతంగా కట్టారు. సీవేజ్‌ను మాత్రం శుద్ధి చేయకుండానే నదిలోకి పంపారు. 1878లో ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవ సరిగ్గా ఆ మురుగు వదిలే చోటికి దగ్గరలో మునిగి, ఆరు వందల మందికి పైగా పోయారు. నీటిలో పడినవాళ్ళ చావుకు ఆ మురుగు ఎంత కారణమన్న ప్రశ్న అప్పుడే లేచింది.

మనం దీన్ని తిరగేసి చేస్తున్నాం. వాళ్ళు గొట్టం కట్టి శుద్ధిని వదిలేశారు, మనం గొట్టాన్ని వదిలేసి శుద్ధి ప్లాంట్లు కడుతున్నాం.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో 72,368 ఎంఎల్‌డీ మురుగు పుడుతోంది. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. పనిచేస్తున్న ప్లాంట్ల సామర్థ్యం 26,869, నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. నన్ను ఆపేసింది ఈ చివరి రెండు అంకెలే. ఊళ్ళో మురుగు నదిలోకి పోతుంటే, పక్కనే ప్లాంటు పావు వంతు ఖాళీగా ఎలా ఉంటుంది? కరెంటు, నిర్వహణ వంటి కారణాలు ఉన్నాయి. కానీ చాలా చోట్ల అసలు సంగతి ఇంటి నుంచి ప్లాంటు దాకా లైను లేకపోవడం.

లైను లేనప్పుడు చేసే పని ఒకటుంది. నాలా చెరువులోనో నదిలోనో కలిసే చోట అడ్డుకట్ట వేసి, ఆ నీటిని ప్లాంటుకు మళ్ళిస్తారు. ఎండాకాలంలో ఇది బాగానే నడుస్తుంది. వాన పడితే నాలాలో వాన, మురుగు కలిసి ప్లాంటు పట్టలేనంత వస్తాయి. మిగిలింది అడ్డుకట్ట దాటి నదిలోకే. కాగితం మీద ఆ మురుగు శుద్ధి లెక్కలో ఉంటుంది, మా సందు వంటి సందుల్లో మాత్రం గుమ్మాల ముందు పారుతూ ఉంటుంది. ప్లాంటు నదిని కాపాడొచ్చు. ఆ నాలా పక్కన బతికేవాళ్ళను కాపాడేది గొట్టమే.

హైదరాబాద్ జలమండలి ఇంగ్లిష్ పేరులో ఉన్నది సీవరేజ్ అన్న మాటే. 1989లో ఏర్పడ్డప్పటి నుంచీ అదే. అయినా 2021లో 3,866 కోట్ల రూపాయలతో 31 ప్లాంట్లు, 1,259.5 ఎంఎల్‌డీ సామర్థ్యం అని ప్రకటించినప్పుడు, నూరు శాతం మురుగు శుద్ధి చేసే నగరం అవుతుందన్న మాటే అందరికీ వినిపించింది. ప్లాంట్లు కావాలి, నేను కాదనను. కింద నల్గొండ వైపు మూసీ నీటితో వరి పండించే రైతును అడిగితే ఇంకా గట్టిగా చెప్తాడు. కానీ శివారు కాలనీల్లో ఎన్ని ఇళ్ళకు లైను ఉందన్న ప్రశ్న ఆ నూరు శాతంలో కనిపించదు.

మంచినీళ్ళ లెక్క కూడా దీన్నే పట్టుకుని ఉంది. కేంద్రం పాత ప్రమాణాల్లో సీవరేజ్ లేని ఊరికి మనిషికి రోజుకు 70 లీటర్లు, ఉన్న ఊరికి 135 లీటర్లు అని రాశారు. నీళ్ళు ఇస్తే అవి ఎక్కడికి పోతాయన్న ఆలోచన ఉన్నవాళ్ళు రాసిన లెక్క అది. ఇప్పుడు ఇంటింటికీ కుళాయి ముందు వస్తోంది, గొట్టం తర్వాత ఎప్పుడో.

ఇక అన్నిటికన్నా బాధ పెట్టేది మనుషుల సంగతి. సీవర్ గొట్టంలో నీరు సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగంతో పారితేనే మట్టి, మలం అడుగున నిలవకుండా తనంతట తానే కొట్టుకుపోతుంది. వాలు సరిగా లేకపోయినా, వాన కాలువ చెత్త అందులో కలిసినా పూడిక పేరుకుంటుంది. అప్పుడు ఒక మనిషిని లోపలికి దింపుతారు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పట్టేస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది, వాడిని లాగబోయిన రెండోవాడూ పోతాడు. చేతులతో మలం ఎత్తించే పనిని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఐఏఎస్ అధికారిగా పేరున్న ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ అనే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ వేసిన కేసులో, సుప్రీంకోర్టు 2014లో సీవర్ మరణానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్ మనిషి దిగే మ్యాన్‌హోల్ నుంచి యంత్రంతో శుభ్రం చేసే మెషిన్‌హోల్‌కు మారతామని చెప్పింది. ఇప్పటికీ ఆ వార్తలు ఆగలేదు. వాటిలో రాసేది ‘డ్రైనేజీలో దిగి ఇద్దరు మృతి’ అని. లైనా, సెప్టిక్ ట్యాంకా, దించింది ఎవరు, ఆ గొట్టం ఎవరిది, ఇవి చాలాసార్లు రాయరు. ఆ ఒక్క మాట తేలకపోతే బాధ్యుడూ తేలడు.

తెలుగుకు ఈ తేడా కొత్తది కాదు. డెల్టా రైతుకు నీళ్ళు తెచ్చేది సాగు కాలువ, పొలంలో నిలిచిన నీటిని తీసుకుపోయేది మురుగు కోడు. ఒకటి పూడితే చేను ఎండుతుంది, ఇంకొకటి పూడితే కుళ్ళుతుంది. కాబట్టి రెండు పేర్లూ గట్టిగా పట్టుకున్నాడు. పట్నంలో మనం ఆ పని చేయలేదు. సీవేజ్‌ను మురుగు అందాం, సీవరేజ్‌ను మురుగు లైను అందాం, వాన కాలువను వాన కాలువ అనే అందాం. కొత్త మాటలేవీ పుట్టించక్కర్లేదు.

మా వార్డులో ఈమధ్య ఒక సమావేశం పెట్టి, ఊరి బయట కొత్త ప్లాంటు వస్తోందని చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, మా సందులోని ఇళ్ళకు లైను ఏ సంవత్సరం వస్తుందని అడిగాను. ‘ప్లాంటు వస్తోంది కదా సార్’ అన్నారు. మళ్ళీ అడిగాను. రాసుకున్నారు.