గ్రూపు వదిలితే కబురు ఎవరు మోయాలి?

2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన ఆందోళన హింసకు దారితీసిన తర్వాత, కోనసీమలో కొన్ని రోజుల పాటు మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. వదంతులు, రెచ్చగొట్టే సందేశాలు పాకకుండా చూడాలన్నది అధికారుల ఉద్దేశం. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ యువతీయువకులు ఆ రోజుల్లో ల్యాప్‌టాప్‌లు పట్టుకుని, సిగ్నల్ అందే చోటు వెతుక్కుంటూ గోదావరి గట్ల మీదికీ, యానాం వైపుకీ వెళ్లారు. ఫోన్‌తో డబ్బు చెల్లించడానికి అలవాటుపడినవారు మళ్లీ జేబులో నోట్లు పెట్టుకున్నారు. సోషల్ మీడియా మానేయడం గురించి మాట్లాడేవారందరూ ఆ అనుభవాన్ని ఒకసారి తరచి చూడవలసి ఉంది. ఇష్టపడి కాకపోయినా, ఒక ప్రాంతం మొత్తం కొన్నాళ్లు దానికి దూరంగా ఉన్న సందర్భం అది. జనం గట్టెక్కి వెతుక్కున్నది ఉద్యోగం, జీతం, బ్యాంకు పని. రీల్స్ కోసం యానాం బస్సెక్కినవారు ఉన్నారేమో గానీ, వారు ఆ సంగతి బయటికి చెప్పుకోలేదు.

ఒకే ఫోన్‌లో, ఒకే డేటాతో వచ్చి చేరుతున్న ఈ రెండు రకాల సరుకునూ విడదీయకుండా ‘మానేద్దాం’ అనుకోవడం వల్లే చాలామంది ప్రయత్నం వారం తిరగకుండానే వీగిపోతోంది. ఫేస్‌బుక్ 2004లో మొదలైనప్పుడు స్నేహితుడి విశేషాలు తెలియాలంటే అతని పేజీకి మనమే వెళ్లి చూడవలసి వచ్చేది. 2006లో న్యూస్ ఫీడ్ వచ్చాక ఆ వెళ్లే పని లేకుండా పోయింది, విశేషాలే మన ముందుకు వచ్చి పడడం మొదలైంది. 2009లో లైక్ బటన్ వచ్చి, బదులు పలకడానికి మాట కూడా అక్కర్లేకుండా చేసింది. అదే ఏడాది పుట్టి, 2014లో ఫేస్‌బుక్ చేతికి వెళ్లిన వాట్సాప్ మొదట్లో ఇద్దరి మధ్య ఉత్తరంలాగే ఉండేది. ఇప్పుడు ఒక్కో గ్రూపులో 1,024 మంది వరకు ఉండవచ్చు. అంతమంది చూస్తుండగా ఎవరూ తమ ఇంటి కష్టం చెప్పుకోరు. చెప్పుకోదగినవి పండుగ శుభాకాంక్షలు, పార్టీల వీడియోలు, ఏ దేవుడి ఫొటోనో పదకొండు మందికి పంపమనే సందేశాలు.

అమెరికాలో 2018 మధ్యంతర ఎన్నికల ముందు కొందరు ఆర్థికవేత్తలు 2,500 మందికి పైగా ఫేస్‌బుక్ వాడకందార్లతో ఒక ప్రయోగం చేసి, వారిలో లాటరీ పద్ధతిన ఎంచిన కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఖాతా ఆపించారు. 2020లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వెలువడిన ఫలితాల ప్రకారం, ఖాతా ఆపినవారికి సగటున రోజుకు గంట సమయం మిగిలింది, రాజకీయ వైరం కొంత తగ్గింది, తాము బాగున్నామన్న భావన స్వల్పంగా పెరిగింది. వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. ఈ ఫలితాలను ఉటంకించేవారు తరచుగా దాటవేసే ముక్క ఒకటుంది. మిగిలిన సమయంలో కొంత కుటుంబంతో, స్నేహితులతో గడపడానికి వెళ్లగా, మరికొంత ఒంటరిగా టీవీ చూడడానికి వెళ్లింది. ఫీడ్ ఆగినంత మాత్రాన ఆ గంట మనుషుల దగ్గరికి దానంతట అది నడిచి వెళ్లదన్నమాట.

గోదావరి డెల్టా జీవితంలో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. ఇక్కడ బంధుత్వాలు చాలావరకు కబురు మీద నడుస్తాయి, కబురు మోయడం ఒక పని. పెళ్లి నిశ్చయమైతే దంపతులిద్దరూ అంచులకు పసుపు రాసిన శుభలేఖలు, కుంకుమ భరిణె తీసుకుని ఊరూరా తిరిగి బొట్టు పెట్టి పిలిచేవారు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మజ్జిగో కాఫీయో తాగి, పెద్దవారి మోకాళ్ల నొప్పులు విని, వాళ్లమ్మాయికి సంబంధాలేమైనా చూస్తున్నారా అని ఆరా తీసి లేచేవారు. పిలుపు రెండు నిమిషాలే, బంధుత్వమంతా మిగతా అరగంటలో ఉండేది. ఇప్పుడు పీడీఎఫ్ వస్తోంది, దాని కింద ‘దీన్నే మా వ్యక్తిగత ఆహ్వానంగా భావించగలరు’ అనే వాక్యం వస్తోంది. పెళ్లి సంగతి ఎలాగూ సర్దుకుపోవచ్చు. చావు విషయంలో జరుగుతున్నది మాత్రం నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. గ్రూపులో మరణవార్త రాగానే ‘ఓం శాంతి’ అనే రెండు మాటలు వరుసగా పడిపోతాయి, వాటిలో మన పేరు కూడా కనిపిస్తుంది, దాంతో పలకరించడానికి వెళ్లవలసిన బాధ్యత తీరిపోయిందన్న భ్రమ కలుగుతుంది. పెద్దకర్మ నాటికి ఆ ఇంటి గడప తొక్కకుండానే సానుభూతి లెక్క సరిపోతోంది.

మరి గ్రూపుల నుంచి బయటికొస్తే ఆ పలకరింపు దానంతట అది తిరిగి వస్తుందా? పాలకొల్లులో నాకు తెలిసిన ఒక ఇంట్లో, ఉద్యోగ విరమణ చేసిన పెద్దమనిషి అన్ని గ్రూపుల నుంచి తప్పుకున్నారు. మనశ్శాంతి ఎంత పెరిగిందో వచ్చినవారందరికీ చెబుతుంటారు. అయితే సాయంత్రమయ్యేసరికి ‘ఏమేవ్, మా వాళ్ల గ్రూపులో ఏమన్నా వచ్చిందా?’ అని భార్యను అడుగుతారు. పుట్టింటి గ్రూపు, అత్తింటి గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, మనవడి స్కూలు గ్రూపు అన్నీ ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. ఆమె చదివి, వడపోసి, ఎవరికి బాగాలేదో, ఎవరింట్లో శుభకార్యమో చెబుతుంది. ‘మీ తమ్ముడికి మీరే ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదండీ’ అని ఒకసారి ఆమె అన్న మాటలో ఈ వ్యాసం చెప్పదలచుకున్నదంతా ఉంది. ఆయన విరమించుకున్నది గ్రూపుల నుంచి కాదు, వాటి చాకిరీ నుంచి. చాలా ఇళ్లలో మగవారి డిజిటల్ వైరాగ్యం ఆడవారి ఫోన్ల మీద బతుకుతోంది.

అందుకే బయటికి రావడాన్ని సొంత ఆరోగ్యానికి సంబంధించిన నిర్ణయంగా మాత్రమే చూడడం నాకు సమ్మతం కాదు. ఎవరో మోస్తున్న కబుర్లలో తన వాటాను తిరిగి తన భుజానికి ఎత్తుకోవడానికి సిద్ధపడినవారికే ఆ నిర్ణయం శోభిస్తుంది. పైగా అందరికీ ఆ అవకాశం సమానంగా లేదు. రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్లిన తల్లికి, ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డ ముఖం కనిపించేది వీడియో కాల్‌లోనే, దాన్ని వ్యసనమని ఎవరూ అనలేరు. భీమవరం పరిసరాల్లో రొయ్యల రైతు పట్టుబడికి ముందు ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఏ ధర ఉందో ఫోన్‌లోనే చూసుకుంటాడు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటినప్పుడు లంక గ్రామాల వారికి ఆ అంకె ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. కాబట్టి యాప్ తీసిపారేయడం గొప్పగా కనిపించినా, అది తీరిక, స్థోమత ఉన్నవారికే సాధ్యమయ్యే పని.

ఆచరణలో నాకు సబబుగా తోచేది వేరు. ఫీడ్ ఉన్నవాటిని, అంటే ఫేస్‌బుక్‌ను, ఇన్‌స్టాగ్రామ్‌ను, ఎడతెగని వీడియోలను వదిలేయవచ్చు, పెద్దగా నష్టం లేదు. వాట్సాప్‌ను ఉత్తరాల పెట్టెగా ఉంచుకుని, పెద్ద గ్రూపుల నుంచి తప్పుకోవచ్చు. తప్పుకునే ముందు మాత్రం దగ్గరివారికి కారణం చెప్పి, ‘ఏదైనా ఉంటే ఫోన్ చేయండి, నేనూ చేస్తుంటాను’ అనాలి. చెప్పకుండా తప్పుకుంటే మన వైపు దాన్ని అలక కిందే జమకడతారు, పెద్దత్తయ్య మీద కోపమేమోనని నెల రోజులు చర్చ నడుస్తుంది. ఆ తర్వాత మాట నిలబెట్టుకోవడం అసలు కష్టం. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీరు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదిలినట్టు, బంధువులకు, మిత్రులకు సమయం వంతులు వేసుకోవలసి వస్తుంది. ఈ ఆదివారం కాకినాడ చెల్లెలికి, వచ్చే ఆదివారం చిన్నప్పటి బెంచీమేటుకు. అందరికీ వంతు రాదు. ఫేస్‌బుక్‌లో ఉన్న వందల మందిలో చాలామంది జారిపోతారు, వారిలో కొందరిని పోగొట్టుకోవడం నిజంగానే బాధిస్తుంది.

పిల్లల విషయం ఇంత తేలికగా తేలదు. 16 ఏళ్ల లోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న నిబంధనను ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి అమలు చేస్తోంది, ఇక్కడా అలాంటిది రావాలన్న మాట వినిపిస్తోంది. నిజానికి డెల్టా ఊళ్ల నుంచి ఇంటర్ చదువుకు రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్లే పిల్లల్లో చాలామంది, చట్టమేదీ లేకుండానే, ఫోన్ లేని జీవితం గడుపుతున్నారు. వారికి ఇన్‌స్టాగ్రామ్ లేదు, రీల్స్ లేవు. అయినా సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు ప్రభల తీర్థానికి రమ్మన్నా కదలకుండా మంచం మీద ఫోన్‌లో కూరుకుపోతాడు. నిషేధం తెరను దూరం చేసింది, దాని స్థానంలో మనుషులను తెచ్చి పెట్టలేదు. హాస్టల్ నుంచి వారానికోసారి వచ్చే ఫోన్‌లో ఆ పని జరగడానికి వీలుండేది. ఆ ఫోన్ మాటల్లో ఎక్కువ భాగం వీకెండ్ పరీక్ష మార్కులకే పోతోంది.