టైమ్‌ని ఉతికి ఆరేసిన ఆదివారం

శనివారం రాత్రి టైమ్ మేనేజ్‌మెంట్ మీద వరసగా నాలుగు వీడియోలు చూసి, ఆ ఊపులో మా ఆవిడతో "రేపు చూడు, టైమ్‌ని ఉతికి ఆరేస్తా" అన్నాను. అక్కడితో ఊరుకున్నా బావుండేది.

ఆదివారం పదింటికి లేచి చూస్తే పన్నెండింటికి చుట్టాలొస్తున్నారు, అంటే రెండు గంటలుంది, పనులు మూడే, బట్టలు మెషిన్‌లో వెయ్యడం, ఆఫీసు రిపోర్టు, పెద్దక్కకి ఫోను. వేరేవాళ్లయితే లేచి చేసేస్తారు, నేను టైమ్‌టేబుల్ వేసుకుందామని కూర్చున్నా. గీతలకి స్కేలు వెతకడం పావుగంట, అక్కకి ఫోన్ చెయ్యడం అర్జెంటా ముఖ్యమా, ఎర్ర పెన్నా నీలం పెన్నా అని ఇంకో పావుగంట. ఎంత టైముంటే పని అంతకీ సాగుతుందని పార్కిన్సన్ అనే ఆయన 1955లోనే రాశాడు, నన్ను చూడకుండానే ఎలా రాశాడో! మొత్తానికి పదీ యాభై అయింది. పైగడి ఖాళీగా ఉంటే బాగోదని "టైమ్‌టేబుల్ వెయ్యడం" అని రాసి టిక్కు కూడా పెట్టుకున్నా, ఆ రోజుకి నేను పూర్తి చేసిన పని అదొక్కటే.

తర్వాత పొమొదోరో. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో, స్టూడెంటుగా ఉన్నప్పుడు, చదువు సాగక టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ ముందు పెట్టుకుని కనిపెట్టిన పద్ధతి, పొమొదోరో అంటే వాళ్ల భాషలో టమాటానే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు రెస్టు. నేను ఫోన్‌లో 25 పెట్టి చొక్కా జేబులో వేసుకుని మెషిన్ దగ్గరికెళ్లా, బట్టలన్నీ పడేశాక చూస్తే ఇంకా కాస్త ఖాళీ ఉంది, ఒంటి మీది చొక్కా కూడా మాసిందేగా, మళ్లీ దీనికోసం ఇంకోసారి ఎందుకని విప్పి అదీ పడేసి బటన్ నొక్కా.

రిపోర్టు ముందు కూర్చుని ఇంకెంతుందో చూద్దామని తడుముకుంటే చెయ్యి బనీను మీద జారింది. బనీనుకి జేబుండదు.

పరిగెత్తా. పాజ్ నొక్కితే తిరగడం ఆగింది గానీ తలుపు రాదు, లోపల నీళ్లు దిగితేగానీ ఆ లాక్ వదలదు. ఫోను మాత్రం తువ్వాలుకీ పైజమా కాలుకీ మధ్య ఇరుక్కుని, అద్దానికి మొహం ఆనించి నన్నే చూస్తోంది, నురగలోంచి అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, 11:42, 11:41, 11:40. మోకాళ్ల మీద కూర్చుని అన్ని నిమిషాలూ రెప్ప వెయ్యకుండా చూశా, ఏకాగ్రత అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సున్నాకొచ్చేసరికి లోపల్నుంచి గుడగుడమని మోగి రెస్ట్ తీసుకోమంది.

"ఉతకడం అయినట్టుంది, ఆరెయ్యనా?" అంది మా ఆవిడ వెనకనుంచి. ఈలోగా తన ఫోన్ మోగింది, పెద్దక్క.

"వాడు ఫోన్ ఎత్తడేమే?"

"స్నానం అవుతోంది వదినా."

"ఇంకా స్నానమే కాలేదా వాడికి?"

"ఆయనకి కాదు వదినా, ఫోన్‌కి."