నడకదారి నేల మీదే ఉండాలి

అమెరికాలోని హ్యూస్టన్ నగర కేంద్రంలో ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లేందుకు నేలకు సుమారు ఇరవై అడుగుల లోతున దాదాపు పది కిలోమీటర్ల సొరంగ నడకదారులు ఉన్నాయి. టొరంటోలో ఇవి ముప్పై కిలోమీటర్లు దాటాయి. మాంట్రియల్ 1962లోనే వీటికి శ్రీకారం చుట్టింది. ఆ ఫొటోలు చూసి కాకినాడ మెయిన్ రోడ్డుకూ, రాజమహేంద్రవరం దేవీచౌక్‌కూ అలాంటివి వస్తే బాగుండునని ముచ్చటపడేవారు మన మధ్య ఉన్నారు. ఆ ముచ్చటకు మొగ్గలోనే అడ్డు చెప్పాలి.

నీటి సంగతి అందరికీ తెలిసిందే. హ్యూస్టన్ కూడా మనలాగే సముద్రానికి దగ్గరగా, పల్లంలో ఉన్న ఊరు. 2001 జూన్‌లో ఎలిసన్ తుఫాను వానలకు ఆ సొరంగాల్లోకి వరద నీరు చొచ్చుకొచ్చింది. కాస్త తవ్వితే నీరు ఊరే డెల్టాలో రైల్వే అండర్ బ్రిడ్జిల తీరు చూస్తే చాలు: ఒక పెద్ద వాన పడగానే మోకాలి లోతు నీరు నిలుస్తుంది, మోటారు పెట్టి తోడిస్తారు, నీరు తీశాక గోడ మీద పాత ఒండ్రు గీత పైన కొత్త గీత మిగులుతుంది.

అయితే నా అసలు అభ్యంతరం నీరు కాదు, తాళం చెవి. హ్యూస్టన్ సొరంగాల్లో అత్యధిక భాగం ఆయా భవనాల యజమానులవి. ఆఫీసు వేళలు ముగిశాక, శని ఆదివారాల్లో చాలావరకు మూసే ఉంటాయి. అంటే నడిచే హక్కు ఊరిది కాకుండా భవనానిది అవుతుంది. తినుబండారాల దుకాణాలు, మధ్యాహ్నపు జనం కిందికి దిగిపోతే పైన వీధి బోసిపోతుంది. మన ఊళ్లలో వీధి మీది జనాన్నే నమ్ముకున్న టిఫిన్ బండికి, పూల బుట్టకు, చెప్పులు కుట్టే పెద్దాయనకు ఆ సొరంగంలో చోటెవరు ఇస్తారు? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వారికి కల్పించిన రక్షణ, ప్రైవేటు భవనం మెట్లు దిగిన చోట ఏపాటి పనిచేస్తుంది?

రోహిణి కార్తె ఎండలో చల్లని దారి కావాలనడం, వాహనాల తాకిడి లేకుండా నడవాలనుకోవడం న్యాయమే. అందుకు కావలసింది నీడ, వెడల్పు. అవి నేల మీదే దొరుకుతాయి. కాలువ గట్ల వెంట చెట్ల కింద నడిచిన ప్రాంతానికి ఆ సంగతి కొత్త కాదు.

నిజానికి నడిచేవారిని దారి నుంచి తప్పించే పని మన పట్టణాల్లో సొరంగం లేకుండానే సాగుతోంది. డ్రెయిన్ మీద పలకలు వేసి దాన్నే ఫుట్‌పాత్ అంటున్నాం. అందులో ఒక పలక విరిగి ఉంటుంది, తర్వాతి దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, ఆపైన దుకాణం మెట్లు, పార్క్ చేసిన బైకులు. చేతికర్రతో నడిచే మామ్మగారు చివరికి లారీల పక్కన రోడ్డు మీదికి దిగవలసిందే. అడ్డంకుల్లేని కనీస వెడల్పు 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. 2027 పుష్కరాల పేరిట గోదావరి పట్టణాల్లో జరిగే ప్రతి రోడ్డు పనిలోనూ తారు కంటే ముందు ఈ 1.8 మీటర్లను కొలిచి గుర్తు పెట్టాలి, ట్రాన్స్‌ఫార్మర్లను పక్కకు జరపాలి, వీధి వ్యాపారుల బండ్లకు విడిగా చోటు చూపాలి. ఆ కొలత లేని అంచనాలను మున్సిపల్ కౌన్సిళ్లు ఆమోదించకూడదు.