వినడం నేర్పిస్తాం, నోరు మూసుకుని కూర్చోండి

మొన్న ఆఫీసులో మా అందరికీ వినడం నేర్పించారు. మూడు గంటలు. నేర్పించినాయన ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగలేదు.

మొదటి స్లైడులోనే అంకెలు. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55 అట. మీరూ వినే ఉంటారు, ఏ ట్రైనింగుకెళ్లినా వదలరు. 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు చేసిన ప్రయోగాల లెక్క అది. ఇష్టాయిష్టాల సంగతిలో నోరు ఒకటి, ముఖం ఒకటి చెబితే జనం దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. అన్ని మాటలకీ ఇది అంటగట్టొద్దని ఆయనే చెప్పాడు. ఎవరు విన్నారు గనక! పోనీ, నిజమే అనుకుందాం. మూడు గంటల్లో 7 శాతమంటే పన్నెండున్నర నిమిషాలు. మిగతాది మమ్మల్ని ఇంటికి పంపేసి చెప్పుకోవాల్సింది.

తర్వాత అసలు విద్య. కాస్త ముందుకు వంగి, "అంటే మీరనేది..." అంటూ ఎదుటివాళ్ల మాటే వాళ్లకి తిరిగి అప్పజెప్పాలి. 1966లోనే జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఇదే పని చేసింది, పాపం వంగకుండానే.

వెనక వరసలో మా అకౌంట్స్ పెద్దాయన మొదటి పావుగంటకే చెయ్యెత్తారు. "ప్రశ్నలు చివర్లో సార్." చెయ్యి దిగలేదు. "ఎదుటివాళ్ల కళ్లలోకి చూడండి" స్లైడు వచ్చింది, వెళ్లింది. కుడిచెయ్యి నొప్పెట్టి ఎడమచెయ్యి ఎత్తారు. "చూశారా, బాడీ లాంగ్వేజ్! ఉత్సాహమంటే ఇదీ!" అని ఆయన్నే ఉదాహరణగా చూపించాడు. చప్పట్లు కొట్టాం. ఫీడ్‌బ్యాక్ ఫారం చేతికొచ్చాక గానీ ఆయన గోడు బయటపడలేదు: మైకు పనిచెయ్యట్లేదు, వెనక్కి ఒక్క ముక్కా వినపడలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇంతకీ ఈ తతంగం ఎందుకు పెట్టారంటే, ఒక అమ్మాయి ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. ఇద్దరి పని తనొక్కతే చేస్తోంది. చెయ్యలేకపోతున్నాను సార్, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు అని మేనేజరుకి నాలుగుసార్లు చెప్పుకుంది. ఆమె వెళ్లాక ఫైల్లో "కమ్యూనికేషన్ గ్యాప్" అని రాశారు. ఏం గ్యాపండీ? పక్క టేబుల్లో ఉన్న నాకే ప్రతి అక్షరం వినపడితే, ఎదురుగా కూర్చున్న మనిషికి వినపడలేదా? సిగ్గుండాలి. ఆ మాటకొస్తే నాక్కూడా, నాలుగుసార్లూ తల దించుకుని టైపు చేసుకుంటూ కూర్చున్నాను.

ఆ మేనేజరు మొన్న ముందు వరసలోనే ఉన్నాడు. ఎంత వంగాలో అంతే వంగి, ఎంత ఊపాలో అంతే తల ఊపాడు.