పాత రికార్డు అట్ట మీది అక్షరం అసలు ఫాంటేనా?

హైదరాబాద్‌లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, గురువారం జుమ్మేరాత్ బజార్‌లోనో పాత ఎల్పీ రికార్డు కంటబడితే కొందరు కుర్రాళ్లు ముందు అట్టను ఫోన్లో ఫొటో తీస్తున్నారు. ‘ఇది ఏ ఫాంటు?’ అని యాప్‌ను అడుగుతున్నారు. అది క్షణంలో ఓ పేరు చెప్పేస్తుంది, వాళ్లు తృప్తిపడిపోతారు. పాట సంగతి తర్వాత. ఈ సరదాను నేను తప్పుపట్టను. కాకపోతే అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. అట్ట మీదున్నది అచ్చు అక్షరమా, ఎవరో కూర్చుని చేత్తో గీసిందా? ఇది తేలకుండా దొరికే పేరుకు విలువ లేదు.

ఏడాది తేడాతో వచ్చిన రెండు ఇంగ్లిష్ పాటల ఆల్బమ్ అట్టలు చూడండి. బీటిల్స్ ‘రబ్బర్ సోల్’ 1965లో, బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ 1966లో వచ్చాయి. రెండింటి మీదా బొద్దుగా, మూలలు లేని అక్షరాలే. రెండో దాని మీదున్నది కూపర్ బ్లాక్ అనే ఫాంటు. షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ రూపకల్పన చేసిన ఆ టైపు 1922లోనే మార్కెట్లోకి వచ్చింది. మొదటి దానికి ఫాంటే లేదు. ఆ రెండు మాటలనూ చార్లెస్ ఫ్రంట్ అనే ఆర్టిస్టు చేత్తో గీశాడు. తర్వాతి కాలంలో ఆ గీతల్ని అనుకరిస్తూ ఫాంట్లు పుట్టుకొచ్చాయి. యాప్‌కు తెలిసినవి అవే కాబట్టి వాటి పేరే చెబుతుంది. పోలిక కలిసింది కదా అని తాతకు మనవడి పేరు పెట్టడమే ఇది.

తేల్చుకోవడానికి భూతద్దం చాలు. ఒకే అక్షరం రెండుచోట్ల వచ్చిందేమో చూడాలి. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే టైపు అనుకోవచ్చు. వంపులోనో మందంలోనో తేడా ఉంటే చేతిరాత. ఆకారం ఒకటే అయినా ఒకటి కాస్త పైకీ మరొకటి కిందికీ కూర్చుని, అంచుల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే లెట్రాసెట్‌ను అనుమానించాలి. షీటు మీద రుద్దితే కాగితానికి అంటుకునే ఆ అక్షరాలు 1960ల మొదట్లో వచ్చాయి. ప్రతి అక్షరాన్నీ ఆర్టిస్టే పెట్టుకోవాలి, అందుకే ఆ ఎగుడుదిగుడు. ఇక అక్షరాలు ఒకదాన్నొకటి తాకుతూ, ఒకదాని మీదికొకటి ఎక్కుతూ ఉంటే సీసపు అచ్చు అయ్యే అవకాశం తక్కువ. సీసంలో ప్రతి అక్షరానికీ తనదైన దిమ్మె ఉంటుంది, పక్కదాన్ని అంత దగ్గరికి రానివ్వదు. 1960, 70ల అట్టల మీద ఇరుక్కుని నిలబడే అక్షరాల వెనక చాలాసార్లు ఫొటోటైప్‌సెట్టింగ్, అంటే సీసం లేకుండా అక్షరాల్ని ఫొటో తీసి కూర్చే పద్ధతి, ఉంటుంది.

ఫాంటు పేరు పక్కాగా దొరికితే లాభం లేకపోలేదు. ‘ఫస్ట్ ప్రెస్సింగ్’, అంటే మొదటి విడతలో వచ్చిన రికార్డు, అంటూ ధర పెంచే అమ్మకందారు ముందు అది పనికొస్తుంది. ఏటవాలుగా ఉండే A, V అక్షరాలున్న అవాంట్ గార్డ్ గోథిక్ టైపు అమ్మకానికి వచ్చింది 1970లో. అది కనిపించే అట్ట 1965 నాటిదని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు, అది తర్వాత వేసిన అట్టే. సారెగమ పేరుంటే మరీ తేలిక, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఆ పేరు పెట్టుకున్నది 2000లోనే. అయితే ఈ లెక్క ఒకవైపే నడుస్తుంది. 1922 నాటి టైపు 1966 అట్ట మీద కూర్చున్నట్టే, పాత అక్షరం ఉన్నంత మాత్రాన రికార్డు పాతదైపోదు.

మన రికార్డుల దగ్గరికొచ్చేసరికి యాప్ మరీ తేలిపోతుంది. సినిమా పాటల రికార్డు మీది టైటిల్ చాలాసార్లు పోస్టర్ నుంచి తెచ్చిందే. పోస్టర్ మీద టైటిల్ రాసింది ఈశ్వర్, గంగాధర్ లాంటి పబ్లిసిటీ ఆర్టిస్టులు. ఇక్కడ వత్తుల్ని గమనించాలి. కంపోజింగ్ అచ్చులో వత్తు ఎక్కడ వచ్చినా ఒకే కొలతలో, ఒకే చోట వేలాడుతుంది. చేత్తో రాసినవాడు దాన్ని పక్క అక్షరం కడుపు కిందికి జరుపుతాడు, చోటుంటే సాగదీస్తాడు, కొమ్మును పై గీత దాకా తిప్పుతాడు. బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటు అయింది. ఆ దస్తూరీ ఉన్న పాత అట్టను చూసి ‘బాపు ఫాంటు’ అంటే వరస తిరగబడినట్టే.

ఖవ్వాలీ, గజల్ రికార్డుల మీది ఉర్దూ మరో కథ. ఉర్దూ రాసే నస్తాలిఖ్ లిపిని యంత్రం దాదాపు రాతంత అందంగా కూర్చగలిగింది 1981లో నూరీ నస్తాలిఖ్ అనే ఫాంటు వచ్చాకే. అంతకుముందు ఉర్దూ పత్రికల్ని సైతం కాతిబులు, అంటే చేత్తో రాసే లేఖకులు, కలంతో రాసేవారు. కాబట్టి 1970ల అట్ట మీద నస్తాలిఖ్ కనిపిస్తే ఫాంటు కోసం తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు రాసిన పాతతరం ఖుష్‌నవీసుకు, అంటే అందంగా రాసే లేఖకుడికి, చూపించండి. ఏ వంపు ఏ శైలిదో యాప్ కన్నా బాగా చెబుతాడు.

అట్ట తిప్పితే గీత రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు, అందరి పేర్లూ ఉంటాయి. టైటిల్ రాసినవాడి పేరు మాత్రం అరుదు. పాత రికార్డుల్ని డిజిటల్ చేస్తున్నవాళ్లు కూడా ధ్వనిలోని గరగర తీయడానికి రాత్రులు ఖర్చుపెడతారు, అట్టకొచ్చేసరికి అరచేతి వెడల్పు ఫొటోతో సరిపెడతారు. అది కూడా ఏటవాలుగా తీసింది. అలా తీస్తే అక్షరాల కొలతలు మారిపోతాయి, వాటి మీద ఏ పరీక్షా నిలవదు. అట్టను స్కానర్ మీద బోర్లించి, రెండు వైపులా, కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల నాణ్యతలో) తీయాలి. 12 అంగుళాల అట్ట మామూలు స్కానర్‌లో పట్టదు, ముక్కలుగా తీసి కలుపుకోవాలి. అంచులు కత్తిరించకూడదు. ఆర్టిస్టు సంతకమో ప్రెస్సు పేరో ఉంటే చాలాసార్లు ఆ అడుగు అంచునే ఉంటుంది.